జపాన్ నాట్యం, కిమోనో కట్టు, రంగస్థల వేషం – మాటల వెనక మనుషులు

"కబుకి ఏ దేశపు కళారూపం?" అనే బిట్టు పోటీ పరీక్షల పుస్తకాల్లో మనం చాలాసార్లు చూసి ఉంటాం. జపాన్ అని టిక్కు పెడతాం. ఒక మార్కు వస్తుంది. తరవాతి బిట్టుకు పోతాం. "కిమోనో ఏ దేశపు దుస్తులు?" అన్నదీ అంతే. ఒక మార్కుకు అది చాలు. కానీ ఆ ఒక్క మాట వెనక ఎంతమంది మనుషులు, ఎంత పని, ఎంత అవమానం ఉన్నాయో తెలుసుకుంటే ఆ బిట్టును మళ్ళీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఈ వ్యాసంలో జపాన్ సంప్రదాయ నాట్యంలోను, కిమోనో కట్టడంలోను, రంగస్థల వేషంలోను వాడే ముఖ్యమైన పదాలను నేర్చుకుందాం. ఒక్కొక్క పదం దగ్గర కాసేపు ఆగి ఒక ప్రశ్న వేసుకుందాం: ఈ మాట ఎవరి పనిలోంచి పుట్టింది? జవాబులు చూస్తే మన హాస్టల్ పిల్లలకు ఇది అంత దూరపు సంగతేమీ కాదని తెలుస్తుంది.

1. కబుకి – ఏటి ఒడ్డున పుట్టిన ఆట

'కబుకు' అనే పాత జపాన్ క్రియకు పక్కకు ఒరగడం, వంకరగా నడవడం అని అర్థం. లోకరీతికి భిన్నంగా వింత దుస్తులు వేసుకుని తిరిగేవాళ్ళను 'కబుకిమోనో' అనేవారు. అంటే కబుకి మొదట ఒక తిట్టు మాట. తరవాతి కాలంలో దానికి పాట, ఆట, నేర్పు అనే మూడు అర్థాలిచ్చే మూడు లిపి గుర్తులు తగిలించి గౌరవప్రదంగా రాయడం మొదలుపెట్టారు.

ఈ ఆటను మొదలుపెట్టింది ఒక స్త్రీ. ఆమె పేరు ఇజుమో నో ఒకుని. 1603 ప్రాంతంలో క్యోటో నగరంలో ఆమె బృందం ప్రదర్శనలిచ్చింది. కమో ఏటి ఒడ్డున ఉన్న ఇసుక నేల ఆమె పేరుతో ముడిపడి ఉంది. ఆమె మగవేషం వేసి, నడుముకు కత్తి కట్టి ఆడేది. ఇవాళ ఆ ఏటి దగ్గరే ఆమె విగ్రహం ఉంది.

ఏటి ఒడ్డును జపాన్ భాషలో 'కవర' అంటారు. అక్కడ బతికేవాళ్ళను 'కవరమోనో' అన్నారు, అంటే ఏటిఒడ్డు వాళ్ళు. వరద వస్తే మునిగిపోయే ఆ నేల మీద ఎవరుండేవారు? తోలు పని చేసేవాళ్ళు, ఆటపాటలతో పొట్ట పోసుకునేవాళ్ళు, ఏ వర్గంలోనూ లెక్కకు రానివాళ్ళు. నటులను 'కవర కొజికి', అంటే ఏటిఒడ్డు బిచ్చగాళ్ళు అని కూడా పిలిచేవారు. కబుకి ఎంత పేరు తెచ్చుకున్నా ఈ మాట వాళ్ళను రెండున్నర శతాబ్దాలకు పైగా వదల్లేదు.

1629లో పాలకులు స్త్రీలు రంగస్థలం ఎక్కకూడదని నిషేధించారు. ఆ తరవాత కుర్రవాళ్ళు ఆడారు. 1652లో వాళ్ళనూ నిషేధించారు. చివరకు పెద్దవయసు మగవాళ్ళే అన్ని పాత్రలూ వెయ్యడం స్థిరపడింది. ఆడవేషం వేసే నటుణ్ణి 'ఒన్నగాత' అంటారు. మన కూచిపూడిలో స్త్రీవేషం వేసే మగవాళ్ళ మాదిరి అన్నమాట. మోకాళ్ళు దగ్గరగా పెట్టి, వీపు ఎముకలు వెనక్కి లాగి భుజాలు కిందికి దించితే మగ ఒళ్ళు చిన్నదిగా కనిపిస్తుంది. అది ఒన్నగాత సాధనలో మొదటి పాఠం. ఒక స్త్రీ మొదలుపెట్టిన ఆటలోంచి స్త్రీలనే బయటికి పంపారన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

2. నాట్యంలోని పదాలు

జపాన్ సంప్రదాయ నాట్యాన్ని 'నిహోన్ బుయో' అంటారు. నిహోన్ అంటే జపాన్. బుయో అంటే నాట్యం. ఈ 'బుయో' అనే మాట పాతది కాదు. 'బు' అన్నది 'మై' అనే మాటను రాసే గుర్తు, 'యో' అన్నది 'ఒదోరి' అనే మాటను రాసే గుర్తు. ఈ రెంటినీ కలిపిన పేరు మెయిజీ కాలంలో, అంటే 1868 తరవాత వాడుకలోకి వచ్చింది. 1904లో రచయిత త్సుబొఉచి షోయో రాసిన పుస్తకంతో అది బాగా వ్యాపించింది. ఈ నాట్యంలో మూడు అంశాలున్నాయి.

మై: పాదం నేల వదలకుండా, నెమ్మదిగా, గుండ్రంగా తిరిగే కదలిక. ఆస్థానాల్లో, గుళ్ళలో, నో నాటకంలో పెరిగింది. క్యోటోలో ఇనోఉఎ సంప్రదాయం వారి 'క్యోమై' దీనికి పేరుపొందినది.

ఒదోరి: పాదం ఎత్తి వేసే, గెంతే, తాళం మీద నడిచే కదలిక. ఇది ఊరి జనం ఆట. వేసవిలో చనిపోయిన పెద్దలను తలుచుకుంటూ ఊరంతా గుండ్రంగా తిరిగి ఆడే 'బోన్ ఒదోరి'లో ఇదే ఉంటుంది.

ఫురి: అభినయం. ఉత్తరం చదవడం, జుట్టు దువ్వుకోవడం, వానకు గొడుగు విప్పడం లాంటివి చేతులతో, చూపుతో చూపించడం. నాట్యం కూర్చేవారిని 'ఫురిత్సుకే' అని పిలవడం ఈ మాట నుంచే వచ్చింది.

కొలువుల కదలిక, జనం గెంతు, నటుల అభినయం మూడూ కలిస్తే నిహోన్ బుయో అయింది.

సాధనలో ఎక్కువగా వినపడే మాటలు మరికొన్ని:

కెయికో: సాధన. గురువు ఎదుట కూర్చుని వంగి నమస్కరించడంతో మొదలవుతుంది, నమస్కారంతోనే ముగుస్తుంది. సాధనకు పట్టు కిమోనో అక్కర్లేదు. 'యుకతా' అనే నూలు బట్ట చాలు.

కోషి: నడుము కింది భాగం. "కోషి దించు" అన్నది గురువులు పదేపదే చెప్పే మాట. మోకాళ్ళు కాస్త వంచి బరువు కిందికి దించితేగాని నడక నిలకడగా ఉండదు.

సురిఅషి: పాదం నేలకు రాసుకుంటూ వేసే అడుగు. మడమ లేవదు.

మా: రెండు కదలికల మధ్య, రెండు దెబ్బల మధ్య ఉండే ఖాళీ. ఆ ఖాళీని ఎంతసేపు నిలపాలో తెలియడమే నేర్పు. పని రాని నర్తకుణ్ణి "మా లేదు" అంటారు.

మైఒగి: నాట్యంలో వాడే విసనకర్ర. మామూలుదానికంటే గట్టిది. పుల్లలు కలిసే చోట ఉండే చీలను 'కనమే' అంటారు. తిప్పి ఎగరేసినప్పుడు సరిగా చేతిలో పడడానికి ఆ చీల దగ్గర సీసం బరువు పెడతారు. ఇదే విసనకర్ర పాటలో సందర్భాన్నిబట్టి అల అవుతుంది, చంద్రుడవుతుంది, కల్లు గిన్నె అవుతుంది, ఉత్తరం అవుతుంది. చీల ఊడితే పుల్లలన్నీ చెదిరిపోతాయి కాబట్టి జపాన్ వాళ్ళు ఏ విషయంలోనైనా కీలకమైన అంశాన్ని 'కనమే' అంటారు.

ఇఎమోతో: ఒక సంప్రదాయానికి పెద్ద. హనయగి, ఫుజిమా, వకయగి, నిషికవా, బందో అనే అయిదు పెద్ద సంప్రదాయాలు ఉన్నాయి. వాటిలో హనయగి 1849లో మొదలైంది. శిష్యుడు ఒక స్థాయికి చేరాక గురువు తన సంప్రదాయపు ఇంటిపేరును, కొత్త పేరును ఇస్తారు. అలా పేరు పొందినవారిని 'నతోరి' అంటారు. పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు ఏదైనా, వేదిక మీద మాత్రం నేర్చుకున్న విద్య ఇచ్చిన ఇంటిపేరే ఉంటుంది. ఇందులో ఖర్చు కూడా ఉంది, పెద్ద కుటుంబాల పెత్తనమూ ఉంది. అందువల్ల దీనిని విమర్శించేవారూ ఉన్నారు.

కబుకి నుంచి తరిమివేసిన స్త్రీలు నాట్యం వదిలేశారా? వదల్లేదు. బయటి నాటకశాలలకు వెళ్ళే వీలులేని ప్రభువుల అంతఃపురాల స్త్రీలకు కబుకి నాట్యాలు ఆడి చూపించే స్త్రీ కళాకారులు ఆ కాలంలోనే ఉండేవారు. నేడు నిహోన్ బుయో నేర్చుకునేవారిలో, నేర్పేవారిలో ఎక్కువమంది స్త్రీలే.

3. కిమోనో – గుడ్డ, కత్తిరింపు

'కి' అంటే తొడుక్కోవడం, 'మోనో' అంటే వస్తువు. కిమోనో అంటే తొడుక్కునే వస్తువు, అంతే. పడమటి దుస్తులు వచ్చాకనే ఈ మాటకు ప్రత్యేకమైన అర్థం స్థిరపడింది.

కిమోనో గుడ్డ తానును 'తన్‌మోనో' అంటారు. వెడల్పు సుమారు 36 నుంచి 38 సెంటీమీటర్లు, పొడవు సుమారు 12 మీటర్లు. ఒక తాను నుంచి ఒక పెద్దమనిషి కిమోనో వస్తుంది. కత్తిరింపులన్నీ తిన్నని గీతలే, వంపులు లేవు. ముక్కలు మొత్తం ఎనిమిది: ఒంటికి రెండు (మిగోరో), చేతులకు రెండు (సోదే), ముందు అంచులకు రెండు (ఒకుమి), మెడపట్టీ ఒకటి (ఎరి), దాని మీద తొడుగు ఒకటి (కకే ఎరి). గుడ్డ వృథా కాదు. కొలత ఎక్కువైన చోట కత్తిరించరు, లోపలికి మడిచి కుడతారు. అందువల్ల తల్లి కిమోనోను విప్పి కూతురికి కుట్టవచ్చు. పాతకాలంలో ఉతకడానికి కూడా కుట్లు విప్పేవారు. ముక్కలను తానులా మళ్ళీ కలిపి ఉతికి, గంజి పెట్టి, సాగదీసి ఆరబెట్టేవారు. దానిని 'అరైహరి' అంటారు. తరవాత మళ్ళీ కుట్టాలి. ఇంట్లో ఆడవాళ్ళ రెక్కల కష్టం ఇందులో ఎంత ఉందో ఊహించుకోవచ్చు.

గుడ్డల్లో 'కసురి' అని ఒక రకం ఉంది. నేసేముందే నూలును అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచితే కట్టిన చోట రంగు పట్టదు. తరవాత మగ్గం మీద ఆ దారాలే బొమ్మగా కలుస్తాయి. మన పోచంపల్లిలో చిటికి పని చేసేవాళ్ళకు ఈ పద్ధతి చెప్పాల్సిన పనిలేదు. అది ఇదే.

ఇంకొక రకం 'సరస'. అంటే అద్దకం వేసిన నూలు బట్ట. ఇది నేరుగా మన తీరానికి సంబంధించినది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్ళ కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. జపాన్ తన రేవులను మూసుకున్న కాలంలో కూడా నాగసాకి దగ్గర వ్యాపారానికి అనుమతి ఉన్న ఐరోపావాళ్ళు డచ్చివాళ్ళే. కోరమాండల్ తీరపు కలంకారీ అద్దకాలు వాళ్ళ ఓడల్లో జపాన్ చేరాయి. అక్కడ చిన్న ముక్కను కూడా పారేయకుండా తేనీటి వేడుకల పాత్రలకు సంచులుగా, లోపలి దుస్తులుగా కుట్టుకున్నారు. జపాన్ అద్దకందార్లు వాటిని చూసి తమ సొంత సరసను తయారుచేశారు. ఆ పాత ముక్కలు ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి. అద్దిన మన ఊళ్ళవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

4. కిమోనో కట్టు

కిమోనో కట్టే విద్యను 'కిత్సుకే' అంటారు. చీర కట్టులాగే ఇదీ చూసి నేర్చుకోవాల్సిన పని. వరస ఇలా ఉంటుంది.

మొదట 'తబి'. బొటనవేలు వేరుగా ఉండే తెల్లని మేజోళ్ళు. అన్నీ కట్టాక వంగడం కష్టం కాబట్టి ఇవే ముందు.

తరవాత 'హదజుబన్', 'సుసొయొకే'. ఒంటికి ఆనుకునే పై, కింది లోదుస్తులు. నడుము దగ్గర పల్లంగా ఉంటే తువ్వాళ్ళు చుట్టి సమం చేస్తారు. కిమోనో కట్టులో ఒంటి వంపులు కనపడకూడదు, ఒళ్ళు స్తంభంలా తిన్నగా ఉండాలి.

దాని మీద 'నగజుబన్'. పొడవాటి లోపలి అంగీ. దీని మెడపట్టీ ('హన్ ఎరి') మాత్రమే బయటికి సన్నగా కనపడుతుంది.

ఆపైన కిమోనో. ఎడమ అంచు ఎప్పుడూ కుడి అంచు మీదికే రావాలి. కుడి అంచును పైన వేసేది శవానికి మాత్రమే. ప్రజలంతా ఇలాగే కట్టాలని 719లోనే రాజాజ్ఞ వచ్చింది. పదమూడు వందల ఏళ్ళుగా ఈ ఒక్క నియమం మారలేదు.

ఆడవారి కిమోనో మనిషి కంటే పొడుగ్గా ఉంటుంది. ఎక్కువైన పొడవును నడుము దగ్గర పైకి లాగి 'కోషిహిమో' అనే తాడుతో కట్టి మడత వేస్తారు. ఆ మడత 'ఒహషోరి'. మెడ వెనక పట్టీని కాస్త కిందికి లాగి వదలాలి. పిడికిలి పట్టేంత ఖాళీ అని చెబుతారు.

చివరగా 'ఒబి', అంటే నడుముపట్టీ. వేడుకలకు కట్టే 'ఫుకురో ఒబి' నాలుగు మీటర్లకు పైనే ఉంటుంది. దీనికి తోడు ముడి నిలబడడానికి 'ఒబి మకుర' అనే చిన్న దిండు, దాన్ని కప్పే 'ఒబిఅగే' అనే గుడ్డ, అన్నిటిపైన బిగించే 'ఒబిజిమే' అనే తాడు. ఇంత బరువూ ఇన్ని తాళ్ళమీదే నిలబడుతుంది. ఎక్కడా బొత్తాం లేదు, సూది లేదు.

నేడు ఎక్కువగా కట్టే ముడి 'ఒతైకో', అంటే డోలు ముడి. దీని పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. 1817లో ఎదో నగరం (ఇప్పటి టోక్యో) కమెఇదో గుడి దగ్గర డోలులా వంపు తిరిగిన వంతెనను మళ్ళీ కట్టి తెరిచినప్పుడు, ఫుకగవా పేట గెయిషాలు ఈ కొత్త ముడితో వచ్చారట. గెయిషాలు ఆటపాటలు వృత్తిగా గల స్త్రీలు. ఇవాళ గౌరవనీయమైన కుటుంబాల స్త్రీలు పెళ్ళిళ్ళకు, పిల్లల బడి వేడుకలకు కట్టే ముడి ఆ పేట నుంచి వచ్చినది.

5. రంగస్థల వేషం

రంగస్థల వేషాన్ని 'ఇషో' అంటారు. వేషాలు చూసుకుని కట్టేవాళ్ళు 'ఇషోకాత'. విగ్గు 'కత్సుర'. ముందుగా నటుడి తల కొలతకు రాగిరేకును కొట్టి టోపీలా చేస్తారు. దానికి వెంట్రుకలు అమర్చేది ఒకరు, దువ్వి ముడి వేసేది 'తొకోయామా' అనే మరొక పనివాడు.

వేదిక మీద స్త్రీపాత్ర కిమోనోకు నడుము మడత ఉండదు. అంచు నేలమీద జీరాడుతుంది. దానిని 'సుసొహికి' అంటారు. జీరాడే ఆ అంచును కాలితో పక్కకు నెడుతూ తిరగడం సాధనలో పెద్ద పని. పెళ్ళికాని పిల్ల వేసే 'ఫురిసొదే' చేతులు మీటరుకు పైగా వేలాడతాయి. ఏడుపు ఆపుకోవడం చూపడానికి ఆ చేతి అంచునే పళ్ళతో పట్టుకుంటారు.

ఈ పదాలన్నీ ఒకేచోట కనపడే నాట్యం 'క్యోగానోకో ముసుమే దోజోజి'. 1753లో ఎదో నగరంలో నకమురా తొమిజూరో అనే ఒన్నగాత మొదట ఆడాడు. గుడికి కొత్త గంట కట్టే రోజున ఒక నర్తకి వచ్చి ఆడతానంటుంది. సాధువులు ఒప్పుకుంటారు. ఒక్కో ఆటకూ ఆమె వేషం మారుతూ పోతుంది. చివరకు ఆమె, పూర్వం ప్రేమించినవాడు గంటలో దాక్కుంటే పామై చుట్టుకుని కాల్చిన స్త్రీ ఆత్మ అని తెలుస్తుంది. అప్పుడు ఆమె ఒంటి మీద త్రికోణాల వరసలు కనపడతాయి. ఆ త్రికోణాల నమూనాను 'ఉరోకో' అంటారు, అంటే పొలుసులు.

ఈ వేషాలు చూస్తుండగానే క్షణంలో మారతాయి. ఎలా?

హికినుకి: ఒకదానిపై ఒకటి రెండు కిమోనోలు వేస్తారు. పై కిమోనో నడుము దగ్గర రెండు భాగాలుగా ఉంటుంది. భుజాల దగ్గర, చేతుల దగ్గర దాన్ని మామూలు కుట్టుతో కాక లావు దారాలతో పట్టి ఉంచుతారు. దారాల కొసలకు చిన్న ఉండలుంటాయి. నర్తకి ఆడుతుండగానే వెనక ఉన్న మనిషి ఆ ఉండలను ఒక్కొక్కటే లాగేస్తాడు. సరైన తాళం దగ్గర పై బట్టను ఒక్కసారి లాగుతాడు. ఎర్ర కిమోనో పోయి లేత నీలం కిమోనో ప్రత్యక్షమవుతుంది. చప్పట్లు మోగుతాయి.

బుక్కాఎరి: నడుము పైభాగం మాత్రమే విప్పుకుని కిందికి జారి, కింది భాగాన్ని కప్పేస్తుంది. లోపలి రంగు బయటపడుతుంది. మనిషి కాదు దయ్యమో, దేవతో అని తెలియజేయడానికి దీన్ని వాడతారు.

కోకెన్: వెనక కూర్చుని విసనకర్ర అందించి, చెమట తుడిచి, దారాలు లాగే సహాయకుడు. చాలాసార్లు అతను కూడా శిక్షణ పొందిన నటుడే, వేషధారి శిష్యుడే.

కురోగో: నెత్తి నుంచి కాలిదాకా నల్లబట్ట, మొహం మీద నల్ల తెర వేసుకున్న సహాయకుడు. నలుపు అంటే "లేడు" అని ప్రేక్షకుల ఒప్పందం. మంచు దృశ్యంలో అతను తెల్లబట్ట వేస్తాడు, సముద్ర దృశ్యంలో నీలిబట్ట వేస్తాడు. అందరికీ కనపడుతూనే ఉంటాడు, ఎవరూ చూడరు.

చప్పట్లు నర్తకికి. దారం లాగింది కోకెన్. ఒక్క దారం మిగిలిపోయినా బట్ట చిక్కుకుని ఆట పాడవుతుంది. నర్తకికీ అతనికీ 'మా' ఒక్కటై ఉండాలి.

ఒషిరోయి: మొహానికి, మెడకు రాసే తెల్లపూత. పూర్వం ఇందులో సీసం ఉండేది. ఏళ్ళ తరబడి రాసుకున్న నటుల ఒంట్లోకి అది విషంలా ఎక్కింది. 1887లో చక్రవర్తి ఎదుట జరిగిన ప్రదర్శనలో నకమురా ఫుకుసుకే అనే యువ ఒన్నగాత కాలు వణికింది. సీసం వల్లనే అని తేలింది. ఆ తరవాతే సీసం లేని పూతల కోసం ప్రయత్నం గట్టిగా సాగింది.

6. రంగులకు, గళ్ళకు నటుల పేర్లు

ఎదో పాలకులు మామూలు జనం ఆడంబరమైన రంగులు, పట్టు జిలుగులు వేసుకోకూడదని పదేపదే చట్టాలు చేశారు. మిగిలినవి గోధుమరంగు, బూడిదరంగు, నీలిమందు రంగు. జనం ఏం చేశారు? ఆ గోధుమరంగులోనే పదుల కొద్దీ ఛాయలు తీశారు. "నలభై ఎనిమిది గోధుమలు, నూరు బూడిదలు" అనే నానుడి పుట్టింది. ఆ ఛాయలకు ఎవరి పేర్లు పెట్టారు? తమకు ఇష్టమైన నటుల పేర్లు. ఒన్నగాత రెండవ సెగవా కికునోజో కలం పేరు రొకో. అతను వేసిన ఛాయ 'రొకో చా' అయింది. చా అంటే తేనీటి రంగు.

గళ్ళ నమూనా ఒకటి ఉంది, చదరంగం పలకలా. దాని పాత పేరు 'ఇషిదతామి', అంటే పరిచిన రాళ్ళు. 1741లో సనొగవా ఇచిమత్సు అనే నటుడు ఆ గళ్ళ బట్టతో వేదికెక్కాడు. ఊరంతా అదే కట్టింది. పాత పేరు పోయి 'ఇచిమత్సు' మిగిలింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ చిహ్నం ఈ ఇచిమత్సు గళ్ళతో చేసినదే.

ఏటిఒడ్డు బిచ్చగాళ్ళని తిట్టిన దేశమే ఆ నటుల పేర్లను ఒంటిమీద వేసుకుంది. అలాగని వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుందా? లేదు. 1840ల మొదట్లో ఎదో నాటకశాలలన్నిటినీ ఊరి చివరికి తరలించారు. నటులు బయట తిరిగేటప్పుడు మొహం కనపడకుండా అల్లిన టోపీ పెట్టుకోవాలన్నారు. 1842లో ఏడవ ఇచికవా దంజూరో అనే మహానటుణ్ణి ఆడంబరం నేరం కింద నగరం నుంచి బహిష్కరించారు. 'కంజించో' అనే ప్రసిద్ధ నాటకాన్ని రెండేళ్ళ ముందే అతను మొదటిసారి ఆడాడు. 1887లో చక్రవర్తి ఎదుట అదే కంజించో ఆడినవాడు తొమ్మిదవ దంజూరో. ఆ బహిష్కృతుడి కొడుకు! తండ్రికి నగరబహిష్కారం, కొడుకుకు రాజదర్శనం. మధ్యలో 45 ఏళ్ళు. 2008లో యునెస్కో కబుకిని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

7. పేరు దక్కనివాళ్ళు

ఇక్కడితో ఆపితే పాఠం సగమే అవుతుంది. ఈ నాట్యానికి సంగీతం ఎక్కడిది? 'షామిసెన్' అనే మూడు తీగల వాద్యానికి పిల్లి తోలు లేదా కుక్క తోలు బిగిస్తారు. 'త్సుజుమి' అనే చేతి డోలుకు గుర్రం తోలు. పెద్ద 'తైకో'కు ఆవు తోలు. ఆ తోళ్ళు ఊనినవాళ్ళు ఎవరు?

వాళ్ళను 'ఎత' అన్నారు. మలినం మెండుగా ఉన్నవాళ్ళని అర్థం వచ్చే గుర్తులతో రాశారు. మరికొందరిని 'హినిన్' అన్నారు, మనిషి కానివాడు అని. ఎదో ప్రాంతంలో వీరికి పెద్దగా దంజాఎమోన్ అనే పదవి ఉండేది. ఆటలాడేవాళ్ళమీద కూడా అతనికి అధికారముందని చాలాకాలం వాదన నడిచింది. 1708లో వచ్చిన తీర్పుతో నాటకంవాళ్ళు ఆ అధికారం నుంచి బయటపడ్డారు. వాళ్ళు ఒక మెట్టు ఎక్కారు. తోలు పనివాళ్ళు అక్కడే ఉండిపోయారు.

1871లో ప్రభుత్వం ఆ రెండు పేర్లనూ రద్దు చేసింది. కానీ వాళ్ళ పేటలు పేటలుగానే ఉన్నాయి. పెళ్ళి సంబంధాల్లో, ఉద్యోగాల్లో పాత ఊరు ఏదని ఆరా తీయడం ఆగలేదు. 1922 మార్చి 3న క్యోటోలో వాళ్ళే 'సుయిహెయిషా' అనే సంఘం పెట్టుకున్నారు. ఆ పేరుకు అందరినీ సమం చేసే సంఘం అని అర్థం. 2016లో జపాన్ పార్లమెంటు ఈ వివక్ష ఇంకా ఉందని ఒప్పుకుంటూ, దాన్ని తొలగించడానికి ఒక చట్టం చేసింది.

ఒసాకా నగరంలో నానివా అనే పేట డోళ్ళ తయారీకి పేరుపొందినది. ఆ పేట యువకులు 1987లో ఒక డోలు బృందం పెట్టుకున్నారు. తరతరాలుగా డోళ్ళు చేసింది మేము, వేదికమీద వాయించింది వేరేవాళ్ళు, ఇక మేమే వాయిస్తాం అన్నారు. బృందానికి 'ఇకారి' అని పేరు పెట్టారు. ఇకారి అంటే కోపం. డప్పు చేసిన చేతులను, డప్పు కొట్టిన చేతులను ఎరిగిన మనకు ఈ పేరుకు అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు.

8. మనం నేర్చుకోవలసింది

ఈ పదాలన్నీ చూశాక ఒక సంగతి గమనించండి. నర్తకి వేషం, దారం లాగే పద్ధతి, ముడి వేసే వరస, వీటన్నిటికీ పేర్లున్నాయి. ఆ పేర్లను ఎవరో ఓపికగా రాసి పెట్టారు. అందుకే ఇవాళ మనదాకా వచ్చాయి. తోలు ఊనేవాళ్ళ పనిలోని మాటలకు, వాళ్ళ పేర్లకు అంత అదృష్టం కలగలేదు.

మన హాస్టల్‌లో ఉన్న పిల్లల ఇళ్ళల్లో ఎన్ని పనులున్నాయి! తోలు పని, మగ్గం పని, డప్పు, బుట్టలల్లడం, వరినాట్లు, బట్టలుతకడం. ఒక్కో పనిలో వందల మాటలున్నాయి. డప్పు దరువుల పేర్లు, తోలుకు పట్టించే చెక్కల పేర్లు, మగ్గం భాగాల పేర్లు మన అమ్మానాన్నల నోళ్ళల్లో ఉన్నాయి. నిఘంటువుల్లో చాలావరకు లేవు. డిగ్రీ చదివిన మనం ఆ మాటలు పలకడానికి సిగ్గుపడితే, మన తరవాత వాటిని పలికేవాడు ఉండడు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్ళండి. మీ ఇంట్లో చేసే పనిలోని మాటలు ఒక యాభై రాయండి. మాట, దాని అర్థం, ఆ పని ఎలా చేస్తారు, చెప్పినవారి పేరు. నాలుగు గడులు గీస్తే చాలు. ముఖ్యంగా నాలుగో గడి ఖాళీగా వదలకండి.

చర్చించడానికి ప్రశ్నలు

1. మై, ఒదోరి, ఫురి మధ్య తేడా ఏమిటి? ఒక్కొక్కటి ఏ జనం మధ్య పెరిగింది?
2. కిమోనో కత్తిరింపులన్నీ తిన్నగా ఉండడం వల్ల కలిగే లాభాలు ఏమిటి?
3. హికినుకిలో కోకెన్ చేసే పనిని మీ మాటల్లో రాయండి.
4. నటుల పేర్లు రంగులకు పెట్టుకున్న సమాజం నటులను ఎందుకు దూరం పెట్టింది?
5. 1708 తీర్పు వల్ల ఎవరికి మేలు జరిగింది? ఎవరు మిగిలిపోయారు? ఇలాంటిది మన చుట్టుపక్కల చూశారా?